అచ్చుతప్పు లేని కాగితం

మదనపల్లె మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్లుగా ఆయా పని చేస్తోంది రాహేలు. కూతురు ఏం చదువుతోందని ఎవరైనా అడిగితే ఆమెకు చెప్పడం వచ్చేది కాదు. "రోగాల గురించి మాట్లాడే చదువంట" అనేది. "మాట్లాడేదానికి గూడా చదువుండాదా?" అని తోటి ఆయాలు నవ్వేవాళ్లు.

ఉందనే కూతురు షైలజ నమ్మకం. కుప్పంలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు కాలేజీలో ఆమె బి.ఏ. హెల్త్ కమ్యూనికేషన్ మూడో సంవత్సరం చదువుతోంది. డాక్టరుకు తెలిసిన సంగతిని ఒక తల్లికి, ఆమె వంటింట్లో ఉపయోగపడేటట్టు, ఎలా చెప్పాలన్నదే ఆ చదువు. ఆ ఏడాది, అంటే రెండువేల రెండులో, ఆఖరి పరీక్షలకు ముందు ఒక ప్రాజెక్టు చెయ్యాలి. దానికి వంద మార్కులు. ఫస్ట్ క్లాసు వస్తే మిషన్ వాళ్ల పల్లె ఆరోగ్య కార్యక్రమంలో ఉద్యోగం ఖాయమన్నారు. రాహేలు మే నెలలో రిటైరవుతుంది. తాను దిగిపోయేలోపు కూతురు అదే ఆవరణలో ఒక బల్ల ముందు కుర్చీలో కూర్చోవాలని ఆమె ప్రతి ఆదివారం ప్రార్థన చేసుకునేది.

షైలజ, తన క్లాసులోని పుంగనూరు అమ్మాయి రేఖ కలిసి ఒక పోస్టరు తయారు చేశారు. పసిబిడ్డలకు బేదులు, అంటే విరేచనాలు, పట్టుకుంటే ఆ పల్లెల్లో చాలామంది నీళ్లు మానిపించేస్తారు. పోసిన నీళ్లే పోతున్నాయనుకుంటారు. బిడ్డ బేదుల కన్నా ముందు ఎండిపోయి చస్తుంది. అందుకని షైలజ పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "బిడ్డకు బేదులా? నీళ్లు మానిపించొద్దు." దాని కింద తల్లి ఒళ్లో వాలిపోయిన బిడ్డ, బిడ్డ నోటి దగ్గర గ్లాసు. ఆ బొమ్మ రేఖ వేసింది. అడుగున నీళ్లూ ఉప్పూ చక్కెరా కలిపే కొలతలు.

పోస్టరు అచ్చుకు పోయే ముందు నలుగురికి చూపించి, ఏం అర్థమైందో వాళ్ల నోటితోనే చెప్పించుకోవాలని పుస్తకంలో ఉంది. దాన్ని ప్రీ-టెస్ట్ అంటారు. ఇద్దరూ రామసముద్రం పోయి, చేత్తో గీసిన కాగితం పట్టుకుని పదహారు ఇళ్లు తిరిగారు.

"నీళ్లు పోస్తే ఇంకా పోవా పాపా?" అని అడిగింది ఒక ముసలామె.

"పోయినా సరే పోయమంటాండాము, అవ్వా."

"మా అత్త బతికుంటే నిన్ను కొట్టేది." ఆమె కాగితాన్ని మళ్లీ చూసింది. "సర్లే. కాయితంలో ఉండాది గదా, పోసి సూస్తాం."

పదహారు ఇళ్లలో పద్నాలుగు ఇళ్ల వాళ్లు సరిగ్గా చెప్పారు. బస్సులో తిరిగి వస్తూ రేఖ, "పుస్తకంలో ఉండేది ఒకటన్నా నిజమైందే" అంది.

ప్రాజెక్టు గైడు మునికృష్ణ సారుకు బొమ్మ నచ్చింది. మాట నచ్చలేదు. ఆయన చెడ్డవాడు కాదు. ఫీజు కట్టలేని పిల్లల కోసం ఆఫీసులో నిలబడి మాట్లాడతాడు. తెల్లచొక్కా మీద ఎంత శ్రద్ధో భాష మీదా అంతే.

"బేదులేంటమ్మా, అసహ్యంగా! డిగ్రీ స్థాయి పని ఇది. పరీక్షకు బయటి నుంచి ప్రొఫెసరు వస్తాడు. ఆయన ముందు ఈ మాట పెడితే నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలి? అతిసారం అను. ప్రభుత్వ పుస్తకాల్లో కూడా అదే."

"పల్లెల్లో ఆ మాట వాడరు సార్."

"వాడకపోతే మనం నేర్పాలి. మరి చదువుకున్నది ఎందుకు?"

ఆయనే ఎర్ర పెన్నుతో దిద్దాడు. పైన: "అతిసారాన్ని అరికడదాం." అడుగున కొలతలు కొట్టేసి: "పునర్జలీకరణ ద్రావణాన్ని పట్టించండి." మారిన కాగితానికి మళ్లీ ప్రీ-టెస్ట్ చేయాలి కదా అంది షైలజ. టైము లేదన్నాడు. ఇంకా పట్టుబట్టవచ్చు. మార్కులు వేసే చెయ్యి అదే. షైలజ పట్టుబట్టలేదు.

ఆ ఆదివారం ఇంట్లో తల్లికి చెబితే రాహేలు కడుపు పట్టుకుని నవ్వింది. "ముప్పై ఏండ్లు బేది గిన్నెలు కడిగినా పాపా. ఒక్క తల్లి అన్నా అతిసారమని ఏడ్సుకుంటా వచ్చింటే ఒట్టు." తర్వాత నవ్వు ఆపి, "సారు చెప్పినట్టు రాయి. నీకు మార్కులు గావాల గదా" అంది.

పుంగనూరులో రేఖ మేనమామ గంగులప్పకు ఆఫ్‌సెట్ ప్రెస్ ఉంది. ఆయన ప్రూఫు చేతికిచ్చి, "అచ్చుతప్పులేమన్నా ఉండాయా సూసి, సంతకం పెట్టమ్మా. మళ్లా నన్ను అంటే నేనొప్పను" అన్నాడు. షైలజ రెండుసార్లు చదివింది. ఒత్తులూ దీర్ఘాలూ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. "తప్పులు లేవు" అని రాసి సంతకం చేసింది.

గుడుపల్లెకు అవతల ఒక పల్లెలో పోస్టర్లు అంటించారు. మొదటిది బయ్యమ్మ ఇంటి గోడకు. బయ్యమ్మకు యాభై ఏళ్లుంటాయి. రెండెకరాల మెట్ట, కొడుకు, కోడలు, ఏడాదిన్నర మనవరాలు రమ్యశ్రీ. పదేళ్ల కిందట ఆ ఊళ్లో ఆడవాళ్లంతా వయోజన బడిలో అక్షరాలు నేర్చుకుని, ఆ ఊపులోనే సారాయి అంగడి మూయించారట. అప్పటి గోడరాతలు సున్నం కింద ఇంకా లీలగా కనబడుతున్నాయి.

బయ్యమ్మ మనవరాల్ని చంకనెత్తుకుని పోస్టరు ముందు నిలబడి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, పెదాలు కదుపుతూ చదివింది. బొమ్మ దగ్గర ఆగి, "సీ, పాపిష్టోళ్లు" అంది. వెంటనే షైలజ వైపు తిరిగి, "మంచి మాట రాసినావమ్మా. మా ఊరికి ఇది ముందే తెలుసు. అయినా ఉండనీ. పిల్లకాయలు మర్సిపోకుండా" అంది.

పాపిష్టోళ్లని ఎవరినందో షైలజకు అర్థం కాలేదు. అడుగుదామనుకుంది. రమ్యశ్రీ ఆమె పెన్ను లాక్కుంది. అందరూ నవ్వారు. బయ్యమ్మ వేయించిన చెనిక్కాయలు చేటలో పోసి తెచ్చింది. ఆ ప్రశ్న అక్కడే ఉండిపోయింది.

వారం తర్వాత సర్వే. షైలజ మూడు ప్రశ్నలు రాసుకుంది. పోస్టరు చూశారా? అర్థమైందా? ఏమని అర్థమైంది? మూడో ప్రశ్నకు ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు, పట్టికలో ఇమడదని మునికృష్ణ సారు కొట్టేశాడు. మిగిలిన రెంటికీ దాదాపు ఊరంతా అవునంది. నూటికి తొంభై ఆరు.

ఏప్రిల్ ఆఖరులో, రిపోర్టు టైపింగుకు ఇచ్చిన మర్నాడు, హాస్టలుకు రేఖ వచ్చి చెప్పింది. రమ్యశ్రీ పోయింది. బేదులు.

షైలజ పోయేసరికి బయ్యమ్మ పంచలో కూర్చుని చింతకాయలు కొడుతోంది. పెంకు ఒక పక్క, గింజ ఒక పక్క. చెయ్యి ఆపకుండానే "కూర్సో పాపా" అంది.

"రొండు దినాలు. వాంతులూ, బేదులూ. నీళ్లు, నీళ్లని ఒకటే ఏడుపు. మేం పోయలే. తడిగుడ్డ పెదాలకద్దినాం. రొండో దినం ఏడుపు నిల్సిపోయింది. తగ్గినట్టుండాదే అని నేనే అన్నా."

షైలజ గోడ వైపు చూసింది. పోస్టరు చెక్కు చెదరకుండా ఉంది. గ్లాసు బిడ్డ నోటి దగ్గరే ఉంది.

"నీళ్లు పోయమనే గదమ్మా, ఆ కాగితంలో..."

"యా కాయితం?" బయ్యమ్మ తలతిప్పింది. "ఆ సారాయి కాయితమా?"

"సారాయేందమ్మా?" అంది షైలజ.

"అతి. సారా. నీ ముందరే సదివితి గదా. నేను నేర్సిందే ఆ మాటతో. మా పంతులమ్మ మొదట పలక మీద రాయించిందే అది. సా, రా." బయ్యమ్మ చేతిలో సుత్తి ఆగింది. "ఆ కాలంలో కయ్యల్లో పనికి పోతా, బిడ్డ ఏడవకుండా రొండు సుక్కలు నోట్లో పోసేటోళ్లుండ్రి. అట్లాంటి తల్లి బొమ్మే ఏసినారు అనుకున్నాం. కింద రాసింది నోరు తిరగలే. పోయొద్దని రాసినారు అనుకున్నాం. ఏం, సారాయి గాదా అది?"

"కాదమ్మా."

"ఇంకేందది?"

"బేదులు."

బయ్యమ్మ పోస్టరు వైపు చూసింది. అరవలేదు, తిట్టలేదు. తెలియక అడిగినట్టే అడిగింది.

"బేదులైతే బేదులని యాల రాయలే?"

షైలజ దగ్గర జవాబు ఉంది. వంద మార్కులు. అది ఆ ఇంటి పంచలో చెప్పే మాట కాదు. బయ్యమ్మ కూడా మళ్లీ అడగలేదు. సుత్తి ఎత్తి ఇంకో కాయ కొట్టింది.

ఆమె చెప్పిందంతా ఉన్నది ఉన్నట్టు రాసి షైలజ మునికృష్ణ సారుకు ఇచ్చింది. చదివి ఆయన కళ్లజోడు తీశాడు. నిజంగానే బాధపడ్డాడు. "ఎంత ఘోరం" అన్నాడు. కళ్లజోడు మళ్లీ పెట్టుకుని, "కానీ ఇది కథ అమ్మా. డేటా కాదు" అన్నాడు.

"మాట అర్థం కాలేదు సార్."

"నూటికి తొంభై ఆరు మంది అర్థమైందన్నారు. నీ పట్టికే కదా? సమాచారం చేరింది, పాటించలేదు. రెండో చాప్టర్లో ఉంది చూడు, ప్రవర్తన సమస్య. ముగింపులో ప్రజల నిర్లక్ష్యమని ఒక పేరా రాయి. ఎల్లుండి వైవా. ఇప్పుడు గొడవెందుకు?"

ఆ పేరా షైలజ రాయలేదు. బైండింగు చేసి వచ్చిన పుస్తకంలో మాత్రం ఉంది. ఆమె ఇచ్చిన కాగితాలు లేవు. అట్ట లోపల, ఇది నా సొంత కృషి అన్న చోట సంతకం పెట్టమన్నారు. పెట్టింది.

వైవాకు వచ్చిన ప్రొఫెసరు పెద్దాయన, నవ్వుముఖం. పోస్టరు చేతిలోకి తీసుకుని "చక్కటి భాష" అని మెచ్చుకున్నాడు. "ఎంతమందికి అర్థమైందమ్మా?"

"అందరికీ అర్థమైంది సార్" అంది షైలజ. "సారాయి తాగకూడదని."

ప్రొఫెసరు పోస్టరులో పైమాట మళ్లీ చదివాడు. వెంటనే పగలబడి నవ్వాడు. "అతిసారా! బాగుంది, బాగుంది!" ఆయన నవ్వుతుంటే మునికృష్ణ సారు కూడా నవ్వక తప్పలేదు. ఒక బిడ్డ చచ్చిపోయింది సార్ అనాలని షైలజ నోరు తెరిచేసరికి ప్రొఫెసరు కళ్లు తుడుచుకుంటూ, "మాటకారివమ్మా. ఈ చదువుకు అదే కావాలి. నెక్స్ట్ ఎవరు?" అన్నాడు.

ఎనభై ఎనిమిది వచ్చాయి. కాలేజీ ఫస్టు. రాహేలు రిటైరైన నెలకే షైలజకు మిషన్‌లో బల్లా, కుర్చీ దొరికాయి. రాహేలు ఆ కుర్చీని కొంగుతో తుడిచి మరీ కూతుర్ని కూర్చోబెట్టింది.

ఆగస్టులో సర్టిఫికెట్ కోసం కుప్పం పోతుంటే, పుంగనూరులో ఒకసారి దిగిపొమ్మని గంగులప్ప రేఖతో కబురు పెట్టాడు. కాలేజీ వార్షికోత్సవానికి పోస్టరు రెండువేల కాపీలు వేయిస్తున్నారు. మండలాలన్నిటికీ పంచుతారట. ప్రూఫు బల్ల మీద పరిచి ఉంది. ఈసారి అడుగున ఆమె పేరు కూడా ఉంది.

షైలజ పెన్ను తీసి పైమాట అడ్డంగా కొట్టేసింది. పక్కన "బేదులు" అని రాసింది.

గంగులప్ప వంగి చూశాడు. "ఇది అచ్చుతప్పు గాదు గదమ్మా."

"అచ్చుతప్పే, గంగులప్పా."

ఆయన లోపలికి పోయి ఫైలు తెచ్చి, పాత ప్రూఫు తీసి దీని పక్కన పెట్టాడు. తప్పులు లేవు. కింద షైలజ సంతకం. గుండ్రటి అక్షరాలు.

"అప్పుడు తప్పుగానిది ఇప్పుడెట్ల తప్పయిందమ్మా? మాట మార్చాలంటే మీ సారు చెప్పాల. నాకేం, బేదులంటే బేదులే కొడతా. అడుగుతానుండు."

ఫోనులో మునికృష్ణ సారు ఏమన్నాడో షైలజకు వినబడలేదు. గంగులప్ప "సరే సార్, సరే సార్" అని పెట్టేశాడు. ఆమె ముఖం చూడకుండా, "పాత సంతకమే సాలంటాండాడు" అన్నాడు.

షైలజ బయటికి వచ్చింది. కుప్పం బస్సు కోసం రోడ్డు దాటకముందే వెనక ప్రెస్సులో అచ్చు మిషను మొదలైంది.