కొత్త బండికి మసి వదిలించడం

మా బావ అంకమ్మరావుకు తన పాత డీజిల్ పికప్ మీద ఉన్న ప్రేమలో వీసమెత్తు పెళ్ళాం మీద ఉన్నా నేను మహారాణిని. పద్దెనిమిదేళ్ళు తోలాడు దాన్ని. అద్దకం గుడ్డల మూటలు పట్టడం లేదని ఎడమ సీటు పీకించేశాడు. ఇంట్లో బండి పెట్టుకుని నేను పెడన నుంచి బందరు బస్సులో తిరిగాను.

పోయిన నెల నేను పోరగా పోరగా కొత్తది కొన్నాడు. పాతదాన్ని మెకానిక్ పోతయ్య తీసుకున్నాడు. మూడు వారాలకే కొత్తదానిలో స్టీరింగు ముందు పసుపు దీపం వెలిగింది. పొగగొట్టంలో మసి పేరుకుందట. పేరుకోదా మరి! ఉడికించిన గుడ్డను షెడ్డు నుంచి కాలవకు తీసుకెళ్ళి జాడించడం, తడిదాన్ని వెనక్కి తేవడం, ఇదే మా పని. కిలోమీటరు దూరం, నత్తనడక. పైగా గుడ్డలు దించుతున్నంతసేపూ బావ ఇంజను ఆపడు. పాత బండి ఆ మసిని ఊరి మీద ఊదేసేది, కొత్తది కడుపులో దాచుకుంది. హైవే మీద నలభై నిమిషాలు ఆపకుండా తోలితే ఆ మసి కాలిపోతుందని కంపెనీవాళ్ళు చెప్పారు.

“ఖాళీ బండి ఊరికే తిప్పాలా? దీన్ని అమ్మేసి నా బండి నేను తెచ్చుకుంటా. సాయంత్రంలోగా చెప్పమన్నాడు పోతయ్య,” అన్నాడు బావ.

“ఈ ఒక్కసారి తిప్పి చూడు బావా. దీపం ఆరకపోతే నీ ఇష్టం,” అంటూ పక్కన ఎక్కి కూర్చున్నాను.

బందరు దాటేదాకా మూతి ముడుచుకునే తోలాడు. తర్వాత నోరు విప్పాడు. పందొమ్మిదేళ్ళప్పుడు నందివాడలో చేపల లారీకి క్లీనరుగా చేరి, మూడో రోజే అమ్మ మీద బెంగతో పారిపోయి వచ్చాడట. ఇంట్లో మాత్రం జ్వరమని చెప్పాడట. ఇన్నేళ్ళ కాపురంలో ఆ మాట నాతో అనలేదు. నవ్వీ నవ్వీ నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి.

చల్లపల్లిలో దీపం ఆరిపోయింది. చెబితే కొత్త బండి మాకు దక్కుతుంది, కానీ అక్కడే వెనక్కి తిప్పేస్తాడు. నోరు మూసుకున్నాను.

పులిగడ్డ వంతెన దగ్గర ఆపాడు. కృష్ణ మీద గాలి చల్లగా ఉంది. ఇక ఉండబట్టలేక చెప్పేశాను: “దీపం చల్లపల్లిలోనే ఆరింది బావా.”

“చూశాలే.”

ఫోన్ తీసి, పాత బండి ఉంచేసుకోమని పోతయ్యకు చెప్పాడు. తర్వాత నన్ను అడిగాడు:

“మళ్ళీ ఎన్నాళ్ళకి వెలుగుద్దంటావ్?”