మనిషికి ఒక బకెట్టు

"ఈ ఊళ్లో నీళ్లకు కొదవే లేదు" అని అతిథుల పుస్తకంలో ఎవరో రాసి వెళ్లారు. ఆఫీసుకు చేరిన ఆ పుస్తకంలో అది చదివినప్పటి నుంచి తనూజకు కాలు ఒకచోట నిలవలేదు. నీటి కరువున్న ఆ ఊళ్లో అతిథికి రోజుకు ఒక్క బకెట్టే అన్నది ఆమె పర్యాటక సంస్థ నియమం. కర్నూలు నుంచి బయల్దేరి, అతిథులను ఉంచుకునే సోమక్క ఇంటికొచ్చి పెరట్లోకి దూసుకుపోయింది. తొట్టి ఎండిపోయి ఉంది. గిన్నెలు ఉత్త బూడిదతో తుడిచి ఉన్నాయి.

"నీళ్లన్నీ వాళ్లకే పోసినావా అక్కా? మీరు స్నానం చేసి ఎన్ని దినాలైంది?"

"నాలుగు. చుట్టానికి నీళ్లు కొలిచి పోసేది యాడన్నా ఉండాదామ్మా?"

"అది కంపెనీ రూలు!"

"కంపెనీ నీది. ఇల్లు నాది."

తనూజ ఖాళీ బిందె చంకనెత్తుకుని, మైలు దూరంలోని బోరు దారి పట్టింది.

వెనక నుంచి సోమక్క గద్దించింది. "దించు ఆ బిందె! నువ్వూ చుట్టానివే."