రెండు వైపుల మాట

రైల్వే పోలీసు ఠాణా అరుగు మీద కూర్చుని దేవసహాయం మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు. పొద్దున్నే దవాఖానా, ఆ తర్వాత ఠాణాలు. పత్రికకు సికింద్రాబాదు వార్తలు రాయడమంటే ఇరవై ఏళ్ళుగా ఇదే తిరుగుడు. పొట్టి మనిషి, బట్టతల, మెడ దగ్గర పీచులు లేచిన తెల్లచొక్కా, ఒకవైపే అరిగిన చెప్పులు. వార్త కింద అతని పేరు ఏనాడూ పడలేదు. పడాలని అడిగే ఓపిక కూడా ఇప్పుడు లేదు.

"నిన్న సాయంత్రం లాలాగూడల గూడ్సు కింద ఒకడు పడ్డడు సార్," అన్నాడు రైటరు. "డ్రైవరు ఎంత హారన్ కొట్టినా కదల్లేదంట. ఆత్మహత్యనే అనుకుంటున్నం. ఏలియా అని, వర్క్‌షాపుల ఫిట్టరు."

దేవసహాయం చెయ్యి మోకాలి మీదే ఆగిపోయింది. ఏలియా మార్త కొడుకు. మార్తది తమ చర్చే, ఆదివారం ముందు బెంచీలో కూర్చుంటుంది.

ఏలియావాళ్ళ రైల్వే క్వార్టర్లో చాప మీద మార్త పక్కన కూర్చున్నాడు.

"వర్క్‌షాపు మోతకు వాని చెవులు దెబ్బతిన్నయన్నా. హారన్ ఎట్ల ఇనబడ్తది? పోలీసోళ్ళకు చెప్తే ఇంటలేరు," అని ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత దానితోనే కళ్ళు తుడుచుకుంది. "రేపు పొద్దుగాల భూస్థాపన. సంఘపెద్దలు పేపర్ చూసినంకనే గంట సంగతి చెప్తరంట. జెర నువ్వే చూడాలె."

ప్రాణం తీసుకున్నవాళ్ళకు ఆ చర్చిలో గంట కొట్టరు, పాస్టరు సమాధిదాకా రాడు. పోలీసుల మాటా తల్లి మాటా నమ్మని పెద్దలు అచ్చులో పడ్డదాన్ని మాత్రం కళ్ళకద్దుకుంటారు. ఆ అచ్చు వెనకున్నది ఈ అరిగిన చెప్పుల దేవసహాయమేనని వాళ్ళకు తెలియదా అంటే, బాగా తెలుసు. అయినా నమ్ముతారు. ఏమని చెప్పాలి!

వర్క్‌షాపు పట్టాలకు అవతల ఉంది. అక్కడి పనివాళ్ళనూ అడగాలి. దేవసహాయం వంతెన మెట్ల వైపు చూశాడు. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. పోలీసుల మాట దొరికింది, తల్లి మాట దొరికింది, రెండు వైపులూ అయ్యాయి కదా, చాల్లే అనుకుని బస్సెక్కాడు.

ఆఫీసులో డెస్కు చూసే మధుసూదన్ ఈమధ్యే విలాయతులో శిక్షణ పొంది వచ్చాడు. తెలిసినవాళ్ళ వార్త రాయకూడదని అక్కణ్ణుంచి ఒక కట్టడి తెచ్చాడు. విలాయతులో పక్కింటివాణ్ణి ఎరగకుండా బతుకుతారేమో గానీ, లాలాగూడలో తెలియనివాణ్ణి చావింట్లో చాప మీద ఎవరు కూర్చోనిస్తారు?

"ఈ ఏలియావాళ్ళు మీకు తెలుసా దేవసహాయం గారూ?"

తెలుసంటే వార్త ఇంకొకరి చేతికి పోతుంది. ఆ ఇంకొకరు ఠాణాకు ఫోన్ చేసి, వాళ్ళు చెప్పిందే రాసేస్తారు.

"తెలవదు సార్."

అబద్ధం బయటపడుతుందేమోనన్న భయంతో వార్త మరీ నిక్కచ్చిగా రాశాడు. మార్త మాట ముందు పెడితే పక్షపాతమంటారేమోనని పోలీసుల అనుమానం ముందు పెట్టి, తల్లి చెప్పింది చివర పెట్టాడు.

మధుసూదన్ చదివి తలాడించాడు. "ఇదీ నిష్పాక్షికత అంటే. రెండు వైపులా ఉన్నాయి, మీ మాట ఎక్కడా లేదు. భేష్!"

ఆ మెప్పు దేవసహాయానికి ఒంటికి పట్టలేదు.

తెల్లారి పెద్దలు మొదటి వాక్యం చదివి పేపరు మడిచేశారు. "అనుమానమున్నదని రాసిన్రు గదా," అన్నాడు సంఘపెద్ద జ్ఞానమణి. గంట మోగలేదు. పాస్టరు సమాధుల గేటు దగ్గరే చేతులు జోడించి వెనక్కి తిరిగాడు. పాట ఎత్తుకునేవాళ్ళు లేక మార్తే ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర పాట ఆపి దేవసహాయం వైపు తిరిగింది.

"నువ్వు సుత గట్లనే రాస్తివా అన్నా?"

చెడామడా తిట్టినా బాగుండేది. రెండు వైపులా రాసిన చెల్లె అనబోయాడు.

మట్టి పోయడం అయ్యాక, ఏలియాతో పనిచేసే పర్వతాలు ముందుకొచ్చాడు. చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా ఉంది.

"అమ్మా, మొన్న వాడు ఈ డబ్బ షాపుల మర్సిపోయిండు. పట్టాలు దాటినంక యాదికొచ్చింది. పొద్దుగాల అమ్మకు డబ్బ కావాలె అనుకుంట మళ్ళ ఎనుకకు మల్లిండు. బండొస్తున్నదిరా అని నేను ఒర్రిన. వానికి ఇనబడలే."

దేవసహాయం అతని చెయ్యి పట్టుకున్నాడు. "ఈ ముచ్చట నిన్న చెప్పొద్దా నాయనా?"

"నన్నెవలడిగిన్రు సార్? దినమంత షాపులనే ఉంటి."

నిన్న ఆ వంతెన మెట్లెక్కి ఉంటే ఇవాళ గంట మోగేది. ఈ మాట ఇక తనను చచ్చేదాకా వదలదని దేవసహాయానికి అర్థమైంది. మార్త డబ్బా అందుకోలేదు, అటు చూడనైనా లేదు. ఆడవాళ్ళు ఆమెను రెక్కలు పట్టి నడిపించుకుపోయారు. వాళ్ళ వెనకే తలవంచుకుని పర్వతాలు, అందరికంటే వెనక కుంటుకుంటూ దేవసహాయం.

కొత్తమట్టి పక్కన, శుభ్రంగా తోమిన రెండు గిన్నెల టిఫిన్ డబ్బా ఎండలో ఉండిపోయింది.