పచ్చగీత దాకా

నూనె కొలిచే పుల్లను ఇంజనులోంచి పైకి తీసిన పైలట్ దాన్ని దీపం కింద తిప్పి చూసింది. చుక్కలుగా జారవలసిన నూనె ముదురు పాకంలా పుల్లనే కరచుకుని ఉంది. రాత్రికి రాత్రే దిగిన చలి షెడ్డులోని ఇనుమునంతటినీ మంచుముద్దగా మార్చేసింది.

"మామయ్యా, నిన్న ఏ నూనె పోశారు?"

మెకానిక్ ఆమె భర్తకు తండ్రి. ముప్పై ఐదేళ్లుగా విమానాల ఇంజన్లను పసిబిడ్డల్లా సాకినవాడు.

"చిక్కటిదే పోశానమ్మాయ్. మధ్యాహ్నం ఎండ చూసి చలికాలం ఇంకా రాదనుకున్నాను. ముసలి ఇంజను కదా, పల్చటిదైతే గటగటా తాగేస్తుందని..." అంటూ పుల్లకేసి చూశాడు.

గుమ్మం దగ్గర అంబులెన్సు డ్రైవరు ఒక పెట్టెను గుండెలకు హత్తుకుని నిలబడ్డాడు. అందులో ఉన్నది రక్తం. కొండకవతలి ఆసుపత్రిలో కాన్పయిన ఒక తల్లికి నెత్తురు ఆగడం లేదు. ఆమెకు సరిపడే రక్తం అక్కడ నిండుకుంది. ఎనిమిదిలోగా పెట్టె అందాలని వైద్యురాలు చెప్పింది. రోడ్డున ఐదు గంటలు, ఆకాశంలో నలభై నిమిషాలు. ఇప్పుడు ఆరుంబావు.

"స్టార్టయితే చాలు కదా మేడమ్! నా వ్యాను రోజూ దగ్గుతూనే లేస్తుంది," అన్నాడు డ్రైవరు.

"మీ వ్యాను ఆగిపోతే దిగి నెట్టుకుంటారన్నా. దీన్ని కొండ మీద ఎవరు దిగి నెడతారు?"

సామాన్ల గదిలో పల్చటి నూనె మూడు డబ్బాలే ఉంది. ఇంజనుకు ఏడు కావాలి.

"పోనీ, సగం అదీ సగం ఇదీ కలిపేద్దామా?" అన్నాడు మామగారు, ఆమె ముఖం చూడకుండానే.

"వద్దు మామయ్యా. ఎన్నడూ చేయని పని ఇవాళే చేస్తామా? ఉన్నదాన్నే దించి, వేడి చేసి మళ్లీ పోద్దాం."

"అరగంట పడుతుంది."

"అరగంటే!" డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. "అక్కడ ఆవిడ ప్రాణం మీదికొచ్చిందమ్మా!"

"ఆ ప్రాణం కోసమే అన్నా. పెట్టె కింద పెట్టి ఈ బొంత పట్టుకోండి."

ముగ్గురూ పనికి దిగారు. నూనె బద్ధకంగా సాగుతూ డబ్బాల్లోకి దిగింది. మామగారు ఆ డబ్బాలను సలసల కాగే నీళ్ల తొట్టిలో నిలబెట్టాడు. ఆమె ఇంజనుకు బొంత కప్పి, దాని కిందికి వేడిగాలి గొట్టం దూర్చింది. ముసలాయన మాటిమాటికీ సిలిండరును వేళ్ల వెనకతో తాకి చూశాడు. చివరికి, కాగి పలచబడిన నూనెను హోమగుండంలో ఆజ్యం పోసినంత నిష్ఠగా, ఒక్క చుక్క ఒలకకుండా ఇంజనులో పోశాడు.

ఏడుకు పది నిమిషాల ముందు ఇంజను మేలుకుంది. పెట్టెను పక్క సీటుకు కట్టుకుని, ఆమె ఇంజనును తక్కువ వేగంలోనే తిరగనిచ్చింది. నూనె ఒత్తిడి వెంటనే నిలదొక్కుకుంది. వేడి చూపే ముల్లు మాత్రం గర్భిణి నడకలా మెల్లగా కదులుతోంది. ఐదు నిమిషాలు. పది. ఎగరడానికి చాలినంత వేడిని చూపే పచ్చగీతకు ఇంకా వెంట్రుకవాసి దూరం.

మామగారు కిటికీ దగ్గరకొచ్చి అరిచాడు. "ఇక చాల్లే అమ్మాయ్, బయలుదేరు! మిగతా వేడి పైకెళ్లాక అదే ఎక్కుతుంది. ఆలస్యమంతా నా వల్లే!"

ఆమె ఆయన వైపు తిరిగింది. ఆ ముసలి కళ్లలో నీరు చూసింది.

"ఇది మీ పనితనం చెప్పే మాట కాదు మామయ్యా, మీ బాధ చెప్పే మాట. పక్కకు జరగండి. ముల్లు గీతను తాకందే చక్రం కదలదు."

ఆయన తల వంచి, రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె గడియారం చూడడం మానేసింది. చూపు ముల్లు మీదే నిలిపింది. మూడు నిమిషాలకు అది గీతను తాకింది. వేగం పెంచి చూసింది. ఇంజను ఎక్కడా తడబడలేదు. ఏడూ ఐదుకు చక్రాలు నేల విడిచాయి.

ఎనిమిదికి పావుగంట ముందు కొండకవతల, ఆసుపత్రి పక్క మైదానంలో నర్సు పెట్టె అందుకుని పరుగెత్తింది. పైలట్ ఆసుపత్రి వరండాలోనే నిలబడిపోయింది. తొమ్మిది దాటాక వైద్యురాలు తలుపు తీసి, అలసిన ముఖంతో నవ్వింది.

పైలట్ ఫోను తీసింది.

"నెత్తురు ఆగింది మామయ్యా. తల్లి కళ్లు తెరిచింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"అమ్మాయ్, ఇకమీద నేను ఏ నూనె పోసినా, నువ్వు చూసి సరేనన్నాకే మూత బిగిస్తాను."