చెక్క రివాల్వర్ల గిడ్డయ్య

మొనదేలిన ఆరెతో తోలుకు ఇరవై రెండో రంధ్రం పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు సూదులతో అటూ ఇటూ లాగుతున్నాడు గిడ్డయ్య. లాగినప్పుడల్లా ఎడమ భుజం పైకి లేస్తుంది. యాభై నాలుగేళ్లు వచ్చేసరికి అది కిందికి దిగడమే మానేసింది. వేళ్ల కొసలు నల్లబడి, గోళ్లు చీలి, అరచేతులకు తంగేడు చెక్క నీళ్లలో ఊరిన తోలు వాసన పట్టేసింది. ఏ సబ్బుతో రుద్దినా పోదు.

కడపలో సాహెబు తుపాకుల అంగడి పక్క వసారాలో అతను ఇరవై ఆరేళ్లుగా రివాల్వర్లకు ఒరలు కుడుతున్నాడు. లైసెన్సు లేని మనిషి దగ్గర రివాల్వరు ఉంచకూడదు. అందుకని సాహెబు ఎదుటే కాసేపు దాన్ని చేత పట్టుకుని, తడిమి, కొలతలు తీసుకుని, వేపచెక్కతో అచ్చం అలాంటిదే చెక్కుకుంటాడు. తడిపిన తోలును ఆ చెక్క మీద ఒత్తి నీడన ఆరబెడతాడు. వసారా గోడకు అలాంటి చెక్క రివాల్వర్లు నూటికి పైగా వేలాడుతున్నాయి. ఎవరి నడుముకు ఏది ఎలా కూర్చుంటుందో ఈ జిల్లాలో గిడ్డయ్యకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అయితే నిజమైనది ఒక్కటీ పేల్చి ఎరగడు. పేల్చమని ఎవరూ అనలేదు, నోరు తెరిచి అతనూ అడగలేదు.

పేల్చేది మహానంది. బర్మా యుద్ధం నుంచి తిరిగివచ్చి తొమ్మిదేళ్ల కిందట అంగడిలో చేరిన హవల్దారు. నిలువెత్తు మనిషి, చెవుల దాకా మీసం. కొనేవాళ్లను పాలకొండల కిందికి తీసుకుపోయి కాల్చి చూపిస్తాడు. అతను వేలు పెట్టి చూపించిందే కొంటారు. అతనికి అంగడిలో కుర్చీ, గిడ్డయ్యకు వసారాలో గోనెపట్టా. సరే, కుర్చీ పోతే పోయింది. తనకంటే పదిహేడేళ్లు వెనక వచ్చినవాణ్ణి అందరూ అడుగుతారు, తనకు మాత్రం చెబుతారు. గిడ్డయ్యకు కడుపు మండేది అక్కడ. తొమ్మిదేళ్లుగా ప్రతి ముద్దలోనూ అది రాయిలా పంటికింద పడుతూనే ఉంది.

ఆ పొద్దున కమలాపురం నుంచి రామలింగప్ప జీపులో దిగాడు. మూడు వందల ఎకరాల ఆసామి, ఎకరాలకు తగ్గ పొట్ట. దసరాకు మద్రాసులో గురి పందెం ఉందట. ఆ పందానికి పనికిరావాలి, తోటల వెంబడి తిరిగేటప్పుడు నడుముకూ ఉండాలి. రెండింటికీ ఒకటే కావాలన్నాడు.

సాహెబు బల్ల మీద రెండు పెట్టాడు. రెండూ నలభై అయిదు బోరువే. ఒకదాని గొట్టం ఆరంగుళాలు, ఇంకోదానిది నాలుగు.

"పొడుగుదానికి గురి నిలుస్తాది సామీ," అన్నాడు మహానంది. "బరువుండాది కాబట్టి చేతిని అంతగా తన్నదు. పొట్టిది ఎగిరెగిరి పడతాది. రాండి, కాల్చి చూద్దురు."

కొండ కిందికి పోయి రెండు గంటల్లో తిరిగొచ్చారు. పొడుగుదాంతో పెట్టిన పిడత పెట్టినట్టు పగిలిందట. రామలింగప్ప మహానంది భుజం తట్టి తట్టి చెబుతున్నాడు. ఆ నవ్వులు గోడ ఇవతల గిడ్డయ్య చెవుల్లో దూరి చెమట పట్టించాయి.

కొలతలకు అతన్ని లోపలికి పిలిచారు. రివాల్వరు చేతిలోకి తీసుకున్నాడు. ఆసామి పొట్ట చూశాడు, బయట జీపు సీటు చూశాడు. అంత గొట్టం కుడిపక్కన నిలువుగా వేలాడితే సీటుకు ఆనుకుని పైకి లేస్తుంది, పిడి డొక్కలో పొడుస్తుంది. కమలాపురం చేరకముందే విప్పి పక్కన పడేస్తాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. అడిగితేగా చెప్పడానికి? కొలతలు తీసుకుని వచ్చేశాడు.

మధ్యాహ్నం మహానంది వసారాలోకి వచ్చి గోనెపట్టా మీద చతికిలబడ్డాడు. ఎప్పుడూ లేంది. మనిషి వాడిపోయి ఉన్నాడు, ఎడమ చెయ్యి రుద్దుకుంటున్నాడు.

"గిడ్డయ్యా, గురి సంగతి నాకు తెలుసు. నడుము సంగతి తెల్దు. పొడుగుది ఆయప్ప నడుముకు కుదురుతాదా? కుదరదంటే ఇప్పుడే మార్పిస్తా. నువ్వు చెప్పు."

ఇరవై ఆరేళ్లు ఎదురుచూసిన ప్రశ్న. వచ్చిందేమో ఇతని నోటి నుంచి. గిడ్డయ్యకు లోపల్లోపల నవ్వొచ్చింది. ఈ మనిషి మాట ఒక్కసారి పోవాలి. రామలింగప్ప తిరిగొచ్చి అంగడి నడిమధ్యన కేకలేస్తుంటే ఆ మీసం ఎలా వాలుతుందో కళ్లారా చూడాలి.

"శానా బాగా కుదురుతాది, పో."

"నువ్వంటే చాలప్పా," అని గోడ పట్టుకుని లేచి వెళ్లాడు మహానంది.

గిడ్డయ్య వేపచెక్క ముందేసుకున్నాడు. చెక్కుతున్నాడే గానీ చెయ్యి సాగడం లేదు. తన చేతి కింద నుంచి చెడ్డ ఒర ఒక్కటీ పోలేదు. ఇది పోతుంది, తెలిసి తెలిసి పోతుంది. కాగితం తీసి గీశాడు, కొట్టేశాడు, మళ్లీ గీశాడు. గోడ అవతల ఏదో హడావిడి వినిపించినా తల ఎత్తలేదు. ఎడమపక్కన, పొట్టకు ఇవతలగా ఏటవాలుగా కట్టి, పిడి కుడిచేతి వైపు తిప్పితే? గొట్టం సీటుకు తగలదు. కూర్చున్నా, లేచినా బాధ ఉండదు. మహానంది మీద మంట చల్లారిందని కాదు. అయినా ఆ కాగితం పట్టుకుని అంగడిలోకి నడిచాడు.

మహానంది కుర్చీలోనే ఉన్నాడు, తల ఒక పక్కకు వాలి. కునుకు తీస్తున్నాడనుకున్నాడు గిడ్డయ్య. పక్కన డాక్టరు సంచి సర్దుకుంటున్నాడు. సాహెబు కళ్లు తుడుచుకుంటున్నాడు. రామలింగప్ప తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పోతా పోతా నా పనే చూసినాడు," అన్నాడు రామలింగప్ప. "'గిడ్డయ్యనడిగినా, కుదురుతాదన్నాడు, ఇంక తీసుకో సామీ' అన్నాడు. అదే చివరి మాట. ఆ మాట మీద తీసుకుంటాండా."

గిడ్డయ్య చేతిలోని కాగితం చూసుకున్నాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఏటవాలు ఒర కుట్టి ఇచ్చేస్తే అయిపోతుంది.

"నేను అబద్ధం చెప్పినా సామీ. కుడిపక్కన కట్టుకుంటే పొడుస్తాది. ఈ మాదిరి ఎడమపక్కన కట్టాల. ఆయప్పకు నేను చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"కడుపుమంట సామీ. అందరూ ఆయప్పనే అడుగుతారని."

రామలింగప్ప కాగితం అందుకుని, తిప్పి చూసి, తిరిగి ఇచ్చాడు. "అట్లే కుట్టు," అన్నాడు.

సాహెబు సొరుగు లాగి, మడిచిన చేతిరుమాలు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఆయప్ప పొద్దున కాల్చకుండా నీకోసం ఒకటి మిగిలిచ్చినాడు గిడ్డయ్యా. రేపు నిన్ను కొండకాడికి పిల్చుకపోతానన్నాడు. ఇన్ని ఒరలు కుట్టినోడు ఒక్కసారన్నా కాల్చాల గదా సాబ్ అన్నాడు."

గిడ్డయ్య చెయ్యి చాచలేదు. మహానంది చెమట వాసన ఇంకా పోని ఆ రుమాలు మడత విడిపోయి, దాని నడుమ చిటికెనవేలంత ఇత్తడి తూటా సాయంత్రపు వెలుగులో పచ్చగా మెరుస్తూ ఉంది.