ఏడో పేజీలో ప్రశ్నార్థకం

తెల్లచొక్కా కాలరు తిరగేసి ఇస్త్రీ చేస్తుంటే భర్త ప్రూఫు కాగితాలు పట్టుకుని వచ్చి ఆమె వెనక నిలబడ్డాడు. ఆ శనివారం సాయంత్రం అతని ఉపన్యాసం ఉంది. ‘పౌర సమాజం: అర్థం, పాత్ర’ అని వారం రోజులుగా గోడల మీద పోస్టర్లు కనిపిస్తున్నాయి. ఆ ఉపన్యాసాన్నే చిన్న పుస్తకంగా వేస్తున్నారు, అదీ ఆమె పనిచేసే ప్రెస్సులోనే. అతను హాల్లో అటూ ఇటూ తిరుగుతూ చెబుతుంటే టైపు చేసింది ఆమె. తర్వాత ప్రెస్సులో కూర్చుని అక్షరం అక్షరం దిద్దిందీ ఆమే.

“ఇదేమిటి?” అన్నాడు ఏడో పేజీ మీద వేలు పెట్టి.

మార్జిన్‌లో పెన్సిలుతో పెట్టిన ప్రశ్నార్థకం. దాని ఎదుట ఉన్న వాక్యం ఇది: ‘ప్రభుత్వానికి, వ్యాపారానికి, కుటుంబానికి వెలుపల, ఎవరి బలవంతమూ లేకుండా మనుషులు ఒకరి కోసం ఒకరు కూడుకునే చోటే పౌర సమాజం.’

అనుమానం వచ్చినచోట గుర్తు పెట్టడం ప్రూఫ్‌రీడర్ పని. రాసినవాళ్ళు చూసుకుని ఉంచుకుంటారు, లేదంటే మార్చుకుంటారు. అందులో తప్పుపట్టేదేముంది? “కుటుంబానికి వెలుపల అన్నారు కదండీ. మరి బలవంతం ఇంట్లోనే జరుగుతుంటే ఎవరు కూడుకోవాలి అని అనుమానం వస్తుంది” అంది.

“ఎవరికొస్తుంది? చదివేవాళ్ళకా, నీకా?”

ఇలాంటప్పుడు ఏమనాలో ఆమెకి బాగా తెలుసు. ‘పొరపాటైంది, తీసేస్తాను’ అంటే సరిపోతుంది. కానీ ఆ రోజెందుకో ఆ మాట అనాలనిపించలేదు.

“నాకే” అంది.

అతను ఆమె కుడి మణికట్టు పట్టుకున్నాడు. “ఈ చెయ్యేనా పెట్టింది?” అంటూ చొక్కా పక్కకి తోసి, ఆ అరచేతిని బల్లకేసి అదిమిపట్టి, రెండో చేత్తో ఇస్త్రీపెట్టె ఎత్తి ఆ చేతి మీద పెట్టాడు. ఓ చిన్న మాట పలికేంతసేపు ఉంచి తీశాడు. ముందు చర్మం కాలిన వాసన వచ్చింది. ఆ వెనకే నొప్పి వచ్చింది. ఆమె కేక పెట్టగానే పక్కగదిలో అత్తగారు టీవీ సౌండు పెంచింది.

“చొక్కా తొందరగా కానియ్. ఆలస్యమవుతోంది” అన్నాడు, గడియారం చూసుకుంటూ.

కుళాయి కింద చెయ్యి పెట్టి, తడిగుడ్డ చుట్టుకుని వచ్చి, మిగిలిన చొక్కా ఎడమచేత్తో పూర్తి చేసింది. చొక్కా ఒక చేతికి మడత వంకరగా పడింది. అతను దాన్ని రెండుసార్లు చూసి, ఏమీ అనకుండా వేసుకుని వెళ్ళాడు. అనకపోవడం తన మంచితనమని అతని నమ్మకం.

పెళ్ళయి పదకొండేళ్ళు. కొట్టడం మొదలయింది రెండో నెలలో. కూరలో ఉప్పు తగ్గిందనో, ఫోన్ ఎత్తలేదనో, వచ్చినవాళ్ళ ముందు ఎక్కువ మాట్లాడిందనో. ఒకసారి నవ్వినందుకు కూడా. అత్తగారిది ఎప్పుడూ ఒకటే మాట: “వాడు ఊరందరి బాధలూ నెత్తిన మోస్తాడమ్మా. ఇంటికొచ్చి ఎక్కడో అక్కడ దించుకోవద్దూ?” ఆ దించుకునే చోటు కోడలి ఒళ్ళని ఆవిడ నోటితో చెప్పలేదు, అంతే. అతను పేరున్న లాయరు, హక్కుల వేదికకి అధ్యక్షుడు. ఎక్కడ ఎవరి ఇల్లు కూల్చినా, ఎవర్ని లాకప్‌లో కొట్టినా ముందు అక్కడికి వెళ్ళేది అతనే. అదీ అబద్ధం కాదు. అదే ఆమెని ఎక్కువగా తికమక పెట్టేది. మనిషి పూర్తిగా చెడ్డవాడైతే అసహ్యించుకుని ఊరుకోవచ్చు. కిందటేడు లాకప్‌లో చనిపోయిన ఒక కూలీ మీద వేదిక తయారుచేసిన నివేదిక కూడా ఆమే టైపు చేసింది. ‘ఎడమ తొడ మీద కమిలిన గాయం, నాలుగంగుళాలు, పసుపురంగుకి తిరిగింది, సుమారు వారం నాటిది.’ ఆ సాయంత్రం స్నానానికి వెళ్ళి తన తొడ చూసుకుంది. పసుపురంగుకి తిరిగింది. వేళ్ళతో కొలిస్తే మూడంగుళాలుంది. తన ఒంటికి కూడా నివేదిక భాష సరిపోతుందని మొదటిసారి తెలిసింది. అప్పట్నించి వంటగదిలో, డబ్బాల వెనక దాచిన పాత డైరీలో తేదీలు రాస్తూ వచ్చింది. ఎందుకు రాస్తోందో మాత్రం తనకే తెలియదు.

ఆదివారానికి చెయ్యి బూరెలా పొంగింది. వేదిక ఉపాధ్యక్షుడు డాక్టరే కాబట్టి భర్త ఆయన్నే ఇంటికి పిలిపించాడు. డాక్టరుగారు కట్టు కడుతూ, “వేడి వస్తువుల దగ్గర కాస్త చూసుకోవాలమ్మా” అన్నాడు.

ఫోన్ వస్తే భర్త బయటికి వెళ్ళాడు. ఆమె గొంతు తగ్గించి, “ఇస్త్రీపెట్టె దానంతటది వచ్చి నా చేతి మీద కూర్చోలేదు డాక్టరుగారూ” అంది.

ఆయన కట్టు చివర ముడి వేశాడు. “తెలుసమ్మా” అన్నాడు.

ఆ ‘తెలుసు’ అన్న మాట కాలిన చోటికంటే ఎక్కువ మండింది. ఎన్నాళ్ళనించి తెలుసు? ఈ ఇంట్లో ఆమె చేత్తో ఇచ్చిన టీలు తాగుతూ, వాచిన పెదవి చూస్తూ, ఎంతమందికి తెలుసు?

“ఆ కూలీ కేసు ఒక కొలిక్కి వస్తోంది. ఇప్పుడాయన పేరు పాడైతే ఆ చచ్చిపోయినవాడి తల్లికి దిక్కుండదు. పెద్దపని ముందు మనం కొంచెం ఓర్చుకోవాలి” అన్నాడు ఆయన, దూది పారేస్తూ. ఆ ‘మనం’లో తను తప్ప ఇంకెవరూ ఓర్చుకోవడం లేదని ఆమె అనుకుంది.

సోమవారం ప్రెస్సుకి వెళ్ళింది. ప్రెస్సులో ఆమెని అందరూ ‘ప్రూఫమ్మ’ అంటారు. ఆమె బల్ల వెనకే బైండింగ్ గది. ఆరుగురు ఆడవాళ్ళు అచ్చయిన కాగితాలు మడిచి, కుట్టి, గమ్ము రాసి పుస్తకాలు చేస్తారు. వాళ్ళలో పెద్దావిడ బైండింగక్క. రెండేళ్ళ క్రితం ఆడవాళ్ళ మరుగుదొడ్డికి తలుపు పెట్టించమంటే యజమాని పట్టించుకోలేదు. బైండింగక్క వాళ్ళందర్నీ తీసుకెళ్ళి ఆయన గది ముందు కూర్చోబెట్టింది. నినాదాలు లేవు, బోర్డు లేదు. ఊరికే కూర్చున్నారు. మూడోరోజుకి తలుపొచ్చింది. ఆ సంగతి ప్రూఫమ్మ ఒకసారి ఇంట్లో చెబితే భర్త నవ్వి, “అది ఉద్యమం కాదు, పేచీ” అన్నాడు.

బైండింగక్క కట్టు చూసింది. “మళ్ళీ తలుపులో పడిందా ప్రూఫమ్మా? మీ ఇంటి తలుపులకి ఇంత కోపమేంటమ్మా?”

“తలుపు కాదక్కా. మా ఆయన.”

కుట్టే సూదులు ఆగిపోయాయి. ఆదివారమే అచ్చయి వాళ్ళ ముందు కుప్పగా ఉన్నవి ఆ ఉపన్యాసం కాగితాలే. ఒకామె అట్ట మీద ఫొటో చూపించి, “ఈయనేనా?” అంది.

“ఈయనే.”

“ఏం రాశాడేంటి ఇందులో?”

ప్రూఫమ్మ ఏడో పేజీ చదివి వినిపించింది. బైండింగక్క సూదిలో దారం ఎక్కిస్తూ అంతా విని, “మాట బానే ఉంది. మనిషే బాలేడు” అంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రూఫమ్మకీ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది.

“సాయంత్రం మీ ఇంటికొస్తాం.”

“వద్దక్కా. ఇంకా ఎక్కువవుతుంది.”

బైండింగక్క వాదించలేదు. దారం పళ్ళతో తెంపి మళ్ళీ పనిలో పడింది.

ఆమె ఇల్లు చేరేసరికి భర్త హాల్లో కాచుకుని ఉన్నాడు. “డాక్టరుతో ఏం వాగావు?” అన్నాడు. జవాబు వినే ఓపిక అతనికి లేదు. జుట్టు పట్టి లాగి తలని గోడకేసి కొట్టాడు. ఒకసారి, ఇంకోసారి. కిందపడితే డొక్కలో తన్నాడు. లేవబోతే దవడ మీద పిడికిలితో గుద్దాడు. నోట్లో ఏదో విరిగినట్టయింది. “నా పరువు తీస్తావే! నా పరువు!” అంటున్నాడు, ప్రతి మాటకీ ఒక తన్నుతో. పక్కగదిలో టీవీ మోగిపోతోంది. ఈసారి తను చచ్చిపోతుందని ఆమెకి అనిపించింది. భయం కూడా వేయలేదు. ఆ డైరీ ఎవరికీ దొరకదే అని మాత్రం అనుకుంది.

అప్పుడు తలుపు కొట్టారు. మర్యాదగా కొట్టలేదు, బాదారు.

అతను జుట్టు సవరించుకుని, మొహానికి నవ్వు తగిలించుకుని తలుపు తీశాడు. గుమ్మంలో ఆరుగురు ఆడవాళ్ళు, గోళ్ళకి ఎండిన గమ్ముతో.

“ఏం కావాలి?”

“ప్రూఫమ్మని చూడ్డానికొచ్చాం.”

“ఆవిడకి ఒంట్లో బాలేదు. తర్వాత రండి.”

“బాలేదనే వచ్చాం” అని బైండింగక్క అతని చెయ్యి కింద నుంచి లోపలికొచ్చింది. మిగతావాళ్ళూ వచ్చారు. నేల మీద రక్తం చూశారు. ఇద్దరు ఆమెని లేపి గోడకి ఆనించారు. మిగతావాళ్ళు ఆమె చుట్టూ కింద కూర్చున్నారు.

“ఇది మా ఇంటి విషయం! నడవండి బయటికి!” అని అరిచాడు. ఎవరూ కదల్లేదు. అతను బైండింగక్కని భుజం పట్టి లేపి చెంప మీద కొట్టాడు. రెండోసారి లేచిన చేతిని ఆవిడ గాల్లోనే పట్టుకుంది. ఇరవయ్యేళ్ళు కటింగ్ మిషను పిడి లాగిన చెయ్యి అది. మెలితిప్పేసరికి లాయరు మోకాళ్ళ మీదకొచ్చి, కుర్చీ అంచుకి నుదురు తగిలి, “అమ్మా!” అని కేకపెట్టాడు.

టీవీ ఆగిపోయింది. అత్తగారు పరుగెత్తుకొచ్చింది. “అయ్యయ్యో, నా కొడుకుని చంపేస్తున్నారు!”

“ఇప్పుడు వినపడిందా పెద్దమ్మగారూ?” అంది బైండింగక్క. చెయ్యి వదిలేసి ప్రూఫమ్మ వైపు తిరిగింది. “ఏం చేద్దామో నువ్వు చెప్పు. ఇక్కడే కూర్చోమంటే కూర్చుంటాం.”

ఆమె నోట్లోని రక్తం అరచేతిలోకి ఉమ్మింది. రక్తంలో సగం పన్ను ఉంది. మెల్లగా లేచి వంటగదిలోకి వెళ్ళి, డబ్బాల వెనక నించి డైరీ తీసుకుని వచ్చింది.

“ఎక్కడికే?” అన్నాడు భర్త నేల మీద నుంచి. “స్టేషన్లో అందరూ నాకు తెలిసినవాళ్ళే.”

“నాకు తెలిసినవాళ్ళు నాతో వస్తున్నారు” అంది ఆమె.

స్టేషన్‌లో కంప్లయింట్లు రాసుకునే హెడ్ కానిస్టేబుల్ ఆమె మొహం చూసి, పేరు విని, పెన్ను మూత పెట్టేశాడు. “లాయరుగారి మీదా? అంత పెద్దమనిషి మీద? ఇంట్లో పెద్దవాళ్ళెవరూ లేరా అమ్మా, కూర్చోబెట్టి మాట్లాడ్డానికి?”

“లేరు. రాసుకోండి” అంది.

ఆయన ఆమె వెనక, గోడ పొడవునా నిలబడ్డ ఆరుగురినీ వరసగా చూశాడు. “వీళ్ళెవరు? చుట్టాలా?”

“కాదు” అంది బైండింగక్క, వాచిన చెంపతో.

“ఇరుగుపొరుగా?”

“కాదు.”

“మరి ఈమెకి మీరేమవుతారు?”

“ఏమీ కాం. అందుకే వచ్చాం.”

ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు గోడవారన కింద కూర్చోవడం మొదలుపెట్టారు. చివరికి ఆయన పెన్ను మూత తీసి, సొరుగులోంచి ఒక తెల్లకాగితం బయటపెట్టి, “సరే, చెప్పండి” అన్నాడు.

ప్రూఫమ్మ డైరీ మొదటి పేజీ తెరిచింది.

“ఇంకొన్ని కాగితాలు తీసుకోండి” అంది.