బొటనవేలు లేని పాట

చచ్చిపోతున్న సైనికుడు మూడు చరణాలు పాడితే గాని కన్ను మూయడు. దివాకర్ ఆ కాగితాన్ని స్కానర్ అద్దం మీద బోర్లించి, మూత దించి, వెలుతురు గీత ఈ చివరి నుంచి ఆ చివరికి పాకేదాకా ఆగి, మళ్ళీ పైకి తీశాడు. ఈ ఉదయానికి ఇది పదకొండో పాట. పదకొండు మంది సైనికులూ తల్లినే తలుచుకున్నారు. తొమ్మిది మందికి ఆఖరి చరణంలో చంద్రుడు కూడా దొరికాడు.

"గుండెలో తూటా దిగినవాడికి ఇంత ఊపిరి ఎక్కడిదిరా?" అని అతను స్కానర్‌నే అడిగాడు. ఆ బేస్‌మెంట్‌లో మాట్లాడటానికి అతనికి అదొక్కటే ఉంది.

అల్ఫారెట్టాకి ఇరవై నిమిషాల దూరంలో, తెల్లటి స్తంభాల పాత బంగళా ఒకదాన్ని మ్యూజియం చేశారు. పై హాల్లో రోజూ మధ్యాహ్నం రెండింటికి, చూడటానికి వచ్చినవాళ్ళకి అమెరికా అంతర్యుద్ధం నాటి పాటలు మిస్ కోరా అనే పెద్దావిడ పియానో మీద వినిపిస్తుంది. కింద దివాకర్ ఆ కాలపు పాటల కాగితాలను శుభ్రం చేసి, స్కాన్ చేసి, పేరూ తేదీ టైప్ చేసి పెట్టెల్లో సర్దుతాడు. అంతకుముందు సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇతరులు చేసిన పనిలో తప్పులు పట్టడమే ఉద్యోగం. ఆ ఉద్యోగం పోయినప్పుడు రెండు నెలలకని ఇక్కడ చేరాడు. పదమూడేళ్ళయింది. ఉద్యోగం మారింది గాని చూపు మారలేదు.

అరవై ఒకటో ఏట పడ్డాడు. బేస్‌మెంట్ చలికి భుజాల మీద ఎప్పుడూ ఒక బూడిదరంగు స్వెట్టర్, దాని బొజ్జ దగ్గర రబ్బరు పొడి. రబ్బరుతో అరిగి అరిగి కుడిచేతి చూపుడువేలు కొస నున్నగా మెరుస్తుంటుంది. మరక కనిపిస్తే అతనికి ముద్ద దిగదు. మ్యూజియం పద్ధతి కూడా అతనికి తగ్గట్టే ఉంది. ఒకే పాటకి రెండు ప్రతులుంటే శుభ్రంగా ఉన్నది లోపలి గదికి, గీతలూ మరకలూ ఉన్నది అదనపు పెట్టెలోకి. అంటే ఎవరూ ముట్టుకోని కాగితానికి పట్టుపీట, పాడుకుని పాడుకుని నలిగినదానికి అటక. ఇందులో తప్పేమిటో దివాకర్‌కి ఏనాడూ తోచలేదు.

ఆ పాటలంటే అతనికి ఏవగింపు. ఏవగింపుకి కారణాలు లేకపోలేదు. ఉత్తరాన అచ్చేసిన పాటనే దక్షిణాన జెండా రంగు మార్చి మళ్ళీ అచ్చేసుకున్నారు. ఊళ్ళు తగలబడుతుంటే పెద్దింటి ఆడపిల్లలు హాల్లో కూర్చుని ఎడబాటు మీద రాగాలు తీశారు. నాలుగు వేల పాటలు స్కాన్ చేశాడు. ఆ హాలు ఊడ్చినవాళ్ళు, ఆ పిల్లలకి వంట చేసి పెట్టిన బానిసలు, మనుషులుగా ఒక్క పాటలోనూ కనబడలేదు. ఇంతవరకూ అతని కోపం న్యాయమైనదే. కాకపోతే ఆ కోపం పాటల దగ్గర ఆగేది కాదు. సుమతి ఇంట్లో పాడటం మానేసి ఏళ్ళయింది. భార్యని అతను మానమని ఎప్పుడూ అనలేదు. పాడినప్పుడల్లా "శ్రుతి కొంచెం తగ్గింది" అనేవాడు, అంతే.

పదకొండున్నరకి నిధి మెట్లు దిగి వచ్చింది. దివాకర్ స్నేహితుడి కూతురు. ఇక్కడే పుట్టి పెరిగి, ఇప్పుడు అతని పై అధికారి.

"అంకుల్, మిస్ కోరా లాస్ట్ డే కదా ఈరోజు. డాటర్ వచ్చి ఒహాయో తీసుకెళ్ళిపోతోంది. ఆవిడ మనకి డొనేట్ చేసిన సాంగ్ షీట్ ఉంది కదా, పెన్సిల్ మార్క్స్ ఉన్నది? టూ ఓ క్లాక్‌కి అది చూసి ప్లే చేయాలంట."

"దానికి క్లీన్ కాపీ ఉందమ్మా. అది తెస్తాలే."

"నో అంకుల్, ఆవిడకి అదే కావాలి. గ్రేట్ గ్రాండ్‌మాది అంట. ఈ హౌస్‌లోనే స్లేవ్ ఆవిడ. పియానో డస్ట్ చేస్తూ, టీచర్ లెసన్స్ చూసి, సీక్రెట్‌గా నేర్చుకుందంట. ఆ మార్క్స్ ఆవిడవే."

నిధి వెళ్ళిపోయింది. దివాకర్ చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

ఆ గుర్తులు ఏమయ్యాయో అతనికి బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట తనే చెరిపాడు. స్కాన్‌లో నీటుగా రావాలని ముందే చెరిపాడు గనక ఫొటో అయినా మిగల్లేదు. పాట నిండా వంకర టింకర అంకెలు, మధ్యమధ్య ఇంటూ మార్కులు. మన బళ్ళలో తప్పుకి పెట్టే మార్కులే. ఎవరో మొద్దు పిల్ల, అడుగడుక్కీ తప్పే, పైగా నాలుగు దాటి అంకె రాదు అనుకుని అప్పట్లో నవ్వుకున్నాడు కూడా.

అదనపు పెట్టెలు పన్నెండూ దించి వెతికితే తొమ్మిదో పెట్టెలో దొరికింది. తెల్లగా ఉంది. తన పనితనాన్ని అతను మొదటిసారి మెచ్చుకోలేకపోయాడు. బానిసలకి చదువు చెబితే చెప్పినవాళ్ళకీ శిక్ష వేసిన రాష్ట్రం ఇది. ఆ పిల్ల చేతి రాత అంటూ లోకంలో మిగిలింది ఈ ఒక్క కాగితం. దాన్ని ఇక్కడైతే భద్రంగా ఉంటుందని కోరా నమ్మి ఇచ్చింది. రెండు గంటలకి ఆమె దాన్ని అడుగుతుంది.

పైకి వెళ్ళి నిజం చెప్పొచ్చు. పది మెట్లు. దివాకర్ మెట్లెక్కలేదు. ట్యూబులైట్లు ఆర్పి, టేబుల్ ల్యాంపు పక్కకి వంచి పెట్టాడు. ఏటవాలు వెలుతురులో పెన్సిల్ నొక్కిన గాడులు సన్నగా పైకి తేలాయి. పెన్సిల్ చెక్కి, గాడి వెంట గాడి, అంకెలన్నీ దిద్దుకుంటూ వచ్చాడు. డబ్బాలో పెరుగన్నం ముట్టనే లేదు. ఇంటూ మార్కులు మాత్రం వదిలేశాడు. తప్పులు మళ్ళీ ఎందుకు పెట్టడం, పాపం ఆవిడ పరువైనా నిలబడుతుంది అనుకున్నాడు. ఒక మనిషిని చెరిపేశాక ఇంకా దయ చూపించగలగడం దివాకర్‌కే చెల్లింది.

రెండింటికి హాల్లో పద్నాలుగు మంది కూర్చున్నారు. అద్దెకి తీసుకున్న సైనికుల టోపీలు పెట్టుకుని ఫొటోలు దిగుతున్నారు. మిస్ కోరాకి ఎనభై ఆరేళ్ళు. నల్లటి సన్నని చేతులు, ఇస్త్రీ చేసిన తెల్ల కాలరు. వాకర్ పక్కన పెట్టి పియానో ముందు కూర్చుంది. దివాకర్ కాగితం స్టాండు మీద పెట్టి గోడవారగా నిలబడ్డాడు.

ఆమె చాలాసేపు చూసింది. వేలితో ఒక చోట తడిమింది. తర్వాత వాయించింది.

పాట కుంటుతోంది. రెండడుగులు నడిచి ఒక గుంటలో పడుతోంది, లేచి మళ్ళీ నడుస్తోంది. రోజూ నేల కింది నుంచి పదమూడేళ్ళుగా తిట్టుకుంటూ విన్న పాట, అతనికి ప్రతి స్వరమూ కంఠతా వచ్చు. కొన్ని స్వరాలు రావడం లేదు. ఆమె చేతుల వంక చూశాడు. రెండు బొటనవేళ్ళూ అరచేతుల్లోకి ముడిచి పెట్టుకుని వాయిస్తోంది. టోపీలవాళ్ళకి ఏమీ తెలియలేదు. చప్పట్లు కొట్టి, తర్వాతి గదిలో తుపాకులున్నాయంటే అటు పరుగెత్తారు.

"అంకెలు చక్కగా దిద్దావు, మిస్టర్ దివా," అంది కోరా తన మెల్లటి ఇంగ్లీషులో. "మా ముత్తవ్వ రెండుని ఇంత అందంగా రాయలేదు. మరి ఆమె బొటనవేలు ఏది?"

అతనికి అర్థం కాలేదు.

"ఏ స్వరం ఏ వేలితో నొక్కాలో చెప్పే అంకెలవి. ఆ రోజుల్లో బొటనవేలికి అంకె లేదు. ఇంటూ పెట్టేవాళ్ళు. ఒకటంటే దాని పక్క వేలు."

"అవి తప్పులనుకున్నాను," అన్నాడు దివాకర్.

"ఈ ఇంట్లో వాళ్ళూ ఆమె గురించి అలాగే అనుకున్నారు."

అతను గబగబా జేబులోంచి పెన్సిల్ తీశాడు. "ఇప్పుడే పెట్టేస్తాను, ఒక్క నిమిషం. గాడులు ఇంకా ఉన్నాయి మేడమ్."

ఆమె ఆ పెన్సిల్ వంక చూసింది, తర్వాత అతని మొహం వంక. కోపం లేదు. కోప్పడటానికి కూడా ఆమె అతన్ని లెక్కలోకి తీసుకోలేదు.

"నీ చేత్తోనా? వద్దులే."

కూతురు వచ్చి వాకర్ అందించింది. గుమ్మం దగ్గర నిధి కోరాని కౌగిలించుకుని కళ్ళు తుడుచుకుంది. "మిస్ కోరా, యువర్ షీట్!" అని వెనక్కి చూపించింది. ఆమె తల అడ్డంగా ఊపి, ఒక్కో మెట్టూ దిగి, కారెక్కింది. కారు చెట్ల మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

దివాకర్ పెన్సిల్ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కింద స్కానర్ అద్దం మీద పన్నెండో సైనికుడు ఎదురుచూస్తున్నాడు.

పడమటి కిటికీలోంచి ఎండ పియానో మీదికి ఏటవాలుగా దిగింది. స్టాండు మీది కాగితంలో, అతను నల్లగా దిద్దిన అంకెల మధ్య, రబ్బరుకి లొంగని ఇంటూ మార్కులు ఒక్కొక్కటే నీడ పోసుకుని పైకి కనబడుతున్నాయి.